కొన్న ఆట ఎవరిది?

ఆట లేని ఇల్లు లేదు. మన పెద్దలు పచ్చీసు గుడ్డను, వైకుంఠపాళి పటమును, గుప్పెడు గవ్వలను ఇంట భద్రపరచుకొనిరి. అమ్మమ్మ ఆడిన గవ్వలతోనే మనుమరాలు ఆడుకొన్నది. పొరుగింటివారు అడిగినచో ఇచ్చిరి, మరల తెచ్చుకొనిరి. ఒక గవ్వ పోయినచో చింతగింజను పెట్టుకొని ఆట సాగించిరి. ఆ ఆట ఎవరిదని అడుగవలసిన అవసరము ఎవ్వరికిని కలుగలేదు. ఇంటనున్నది ఇంటివారిదే.

నేడు అదే ఇంట పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, తండ్రి అనుమతితో కొన్ని వందలో వేలో రూపాయలు చెల్లించి ఒక వీడియో ఆటను కొనుచున్నాడు. అతడు అంగడికి పోలేదు. ఇంటికి పెట్టె రాలేదు, డిస్కు రాలేదు. రసీదు మాత్రము ఈ-మెయిలులో వచ్చినది. కొంతసేపటికి ఆట ఇంటర్నెట్ మార్గమున కంప్యూటరులోనికి దిగినది. ఇట్టి అమ్మకములకు నెలవైన ఇంటర్నెట్ అంగళ్లనే డిజిటల్ పంపిణీ వేదికలని వ్యవహరించుచున్నారు. వీని వలన మేలెంత, కీడెంత అను విషయమును ఇప్పుడు విచారింతము. పందెము కట్టి సొమ్ము పోగొట్టుకొను ఆటల సంగతి వేరు. వానిని నిషేధించుచు మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది. మనము చెప్పుకొనునది వెల యిచ్చి కొని, వినోదమునకై ఇంట ఆడుకొను ఆటలను గూర్చి మాత్రమే.

ఈ అంగళ్లలో పెద్దది, కంప్యూటరు ఆటలకు పేరెన్నికగన్నది స్టీమ్. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునకు చెందిన వాల్వ్ అను సంస్థ దీనిని 2003 సెప్టెంబరు 12వ తేదీన ప్రారంభించినది. ఆ సంస్థను 1996లో స్థాపించిన ఇరువురును అంతకుముందు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినవారే. మొదట స్టీమ్ ఉద్దేశము అమ్మకము కాదు. తమ ఆటలలో దొరలిన తప్పులను సవరించి, ఆ సవరణలను ఆడువారందరికి ఒకేసారి చేరవేయుటకు ఏర్పరచుకొన్న సాధనమది. కాని 2004 నవంబరులో హాఫ్-లైఫ్ 2 అను ఆట వెలువడినప్పుడు వాల్వ్ ఒక కొత్త కట్టుబాటు విధించినది. అంగడిలో డిస్కు కొన్నవారు సైతము స్టీమ్‌లో ఖాతా తెరచి, తమ ప్రతిని అచట నమోదు చేసుకొన్నగాని ఆట నడువదు. సొమ్మిచ్చి తెచ్చుకొన్న డిస్కు చేతిలో నుండగా ఎక్కడనో ఉన్న కంప్యూటరు అనుమతికై కాచుకొనవలసి వచ్చినదని నాడు పలువురు కోపగించుకొనిరి. ఆ కోపము కాలక్రమమున చల్లారినది. పద్ధతి మాత్రము నిలిచిపోయినది.

2005 నుండి ఇతర సంస్థల ఆటలును స్టీమ్‌లో అమ్ముడుపోసాగినవి. 2008లో ఆపిల్, గూగుల్ సంస్థలు చేతిఫోనుల కొరకు తమ తమ అంగళ్లను తెరచినవి. ఆ ఏడే పోలండు దేశమునందు జీఓజీ అను వేదిక పాత ఆటలను బాగుచేసి అమ్మ మొదలిడినది. 2018 డిసెంబరులో ఎపిక్ సంస్థ స్టీమ్‌తో పోటీకి దిగినది. సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ సంస్థలు తమ ఆటయంత్రములకు వేర్వేరుగా అంగళ్లను నడుపుచున్నవి. ఇట్లు ఇరువది సంవత్సరములలో ఆటల వ్యాపారము వీధిలోని అంగడిని విడిచి, తీగవెంట ఇంటిలోనికి వచ్చినది.

ఇది పనిచేయు తీరు తెలిసినగాని మేలుకీడుల లెక్క తేలదు. కొనువాడు మొదట ఒక ఖాతా తెరచును. అతడు వెల చెల్లించినంతనే, ఫలానా ఖాతాకు ఫలానా ఆట నాడుకొను అనుమతి కలదని వేదిక తన పుస్తకములో వ్రాసికొనును. పిమ్మట ఆట ప్రతి ఒకటి అతని కంప్యూటరులోనికి దిగును. ఆట తెరచినపుడు పెక్కు సందర్భములలో కంప్యూటరు వేదికను పలుకరించి, ఆ పుస్తకములో ఈ పేరున్నదా యని విచారించుకొనును. ఉన్నదనిన తలుపు తెరచుకొనును, లేదనిన తెరచుకొనదు. అనగా ఆట మన ఇంట నున్నను, తాళముచెవి వేదిక కడనే ఉన్నది. మేలును కీడును ఈ ఒక్క ఏర్పాటునుండియే పుట్టుచున్నవి.

మొదట మేలును చెప్పుకొందము. పెద్ద నగరములలో తప్ప ఆటలమ్ము అంగళ్లు మనకు ఏనాడును విరివిగా లేవు. పార్వతీపురములోనో ఆదిలాబాదులోనో ఉన్న విద్యార్థి ఒక మంచి ఆటను న్యాయముగా కొనవలెనన్న, హైదరాబాదు పోవు బంధువును బ్రతిమాలుకొనవలసి వచ్చెడిది. లేనిచో దొంగప్రతియే గతి. నేడు న్యూయార్కులోని బాలునికి దొరకిన నాడే, దొరకిన గడియకే, ఆ ఆట ఆదిలాబాదు బాలునికిని దొరకుచున్నది. 2015లో స్టీమ్ మన రూపాయలలోనే వెలలు చూపుట ఆరంభించినది. నాటి నుండి పెక్కు ఆటలు మన దేశమునందు అమెరికా వెలకన్న తక్కువకే లభించినవి. పండుగల వేళ బట్టల దుకాణములవారివలె, ఈ వేదికలును ఏడాదికి కొన్నిమార్లు వెలలు బాగుగా తగ్గించి అమ్ముచుండును. ఓర్పు గలవానికి సగము ధరకే ఆట దక్కును.

దొంగప్రతుల బెడద సేవ సరిగా లేకపోవుట వలన కలుగునదే గాని కేవలము ధర వలన కలుగునది కాదని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో అభిప్రాయపడినాడు. అందులో సత్యము కలదు. దొంగప్రతి తెచ్చుకొనువానికి వైరస్ భయము, సవరణలు రావను బాధ ఉండును. న్యాయముగా కొనుట సులభమైన నాడు, అంతవరకు దొంగదారి త్రొక్కినవారిలో పలువురు రాజమార్గమునకు వచ్చిరి. ధర్మమును సులభము చేయుట కూడ ధర్మప్రచారమే కదా!

డిస్కు గీతలుపడి చెడును; ఇల్లు మారినపుడు పోవును. వేదికలో కొన్న ఆటకు ఆ భయము లేదు. కంప్యూటరు పాడైపోయి కొత్తది తెచ్చుకొన్నచో, ఖాతా తెరచి పాత ఆటలను మరల దింపుకొనవచ్చును. ఆడి ఆడి ఎంతవరకు వచ్చితిమో ఆ గురుతులను సైతము పెక్కు ఆటలకు వేదికయే దాచి పెట్టును. తప్పులు దొరలినచో సవరణలు వానంతట అవియే వచ్చి చేరును. కొన్న ఆట నచ్చకున్నచో 14 దినములలోపల, రెండు గంటలకన్న తక్కువ ఆడియున్నచో, స్టీమ్ సొమ్ము తిరిగి యిచ్చును. 2024 సెప్టెంబరులో స్టీమ్ కుటుంబ ఖాతాలను ఏర్పరచి, ఒక ఇంటివారు ఆరుగురి వరకు తమ ఆటలను పంచుకొను సౌకర్యము కల్పించినది. అన్న ఒక ఆటను, తమ్ముడు వేరొక ఆటను ఆడుకొనవచ్చును. ఒకే ప్రతిని ఇద్దరు ఒకేసారి ఆడుటకు మాత్రము వీలులేదు.

ఆటలు తయారుచేయువారికి ఒనగూడిన మేలు ఇంతకన్న గొప్పది. పూర్వము ఆటను పెట్టెలలో పెట్టి అంగళ్లకు పంపవలెనన్న పెద్ద ప్రచురణకర్త అండ కావలెను. అచ్చు, రవాణా, అంగడివాని లాభము, అమ్ముడుపోని సరకు నష్టము అన్నియు భరించు శక్తి సామాన్యునికి లేదు. ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు నాలుగేండ్లకు పైగా ఏకాకిగా శ్రమించి స్టార్‌డ్యూ వ్యాలీ అను ఆటను తయారుచేసెను. తాతగారి పాత పొలమునకు వచ్చి సేద్యము చేసికొను కథ అది. బొమ్మలు, సంగీతము, కథ సమస్తమును అతని చేతిపనియే. 2016 ఫిబ్రవరిలో అది స్టీమ్‌లో వెలువడినది. 2024 నాటికి అన్ని యంత్రములపై కలిపి దాని ప్రతులు 4 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. మన పుణే నగరమునకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న బృందము, మన పురాణముల వాతావరణముతో రాజీ అను ఆటను రూపొందించి 2020లో ప్రపంచము ముందుంచినది. డిజిటల్ అంగళ్లే లేనిచో ఒక చిన్న భారతీయ బృందపు ఆట అంత సులభముగా పరదేశములవారి ఇండ్లకు చేరియుండెడిది కాదు. 2017 నుండి స్టీమ్‌లో ఆటను అమ్మకమునకు పెట్టుటకు నూరు డాలర్ల రుసుము చాలును.

ఇంత మేలున్నపుడు కీడెక్కడిది అని అడుగవచ్చును. మొదట తయారీదారుల బాధను విందము. ఈ అంగళ్లవారు అమ్మిన ప్రతి నూరు రూపాయలలో సాధారణముగా 30 రూపాయలు తమ వంతుగా పుచ్చుకొనుచు వచ్చిరి. మార్కెట్ యార్డులో కమీషను కట్టిన రైతునకు ఈ బాధ విప్పి చెప్పనక్కరలేదు. 2018లో స్టీమ్ తన వాటాను సడలించినది. ఎట్లనగా, ఒక ఆట రాబడి కోటి డాలర్లు దాటినపిమ్మట నూటికి 25, అయిదు కోట్ల డాలర్లు దాటినపిమ్మట నూటికి 20. అనగా బలవంతునికే తగ్గింపు, బక్కవానికి పూర్తి బరువు! ఆ ఏడే ఎపిక్ సంస్థ తనకు నూటికి 12 చాలునని ప్రకటించి పోటీకి నిలిచినది. ఐనను జనసమ్మర్దము గల సంతను విడిచి, పన్ను తక్కువని వేరొక సంతకు పోవుట అమ్మువానికి సులభము కాదు. కొనువారున్న చోటనే అమ్మువాడును ఉండవలెను.

తలుపు అందరికి తెరచుట వలన వేరొక చిక్కు వచ్చినది. 2024వ సంవత్సరమొక్కటిలోనే 18 వేలకు పైగా ఆటలు స్టీమ్‌లో వెలువడినవి. దినమునకు దాదాపు ఏబది! ఇన్నింటిలో మంచిది ఏది, చెడ్డది ఏది యని ఎవరు చెప్పవలెను? వేదిక తొలిపుటలో చూపినదే జనము కంటబడును. చూపనిది పుట్టియు పుట్టనట్లే. పూర్వము ప్రచురణకర్త గడప దాటనిచ్చెడివాడు కాడు. నేడు గడప దాటిన తరువాత జనసముద్రములో తప్పిపోవుట జరుగుచున్నది.

ఇక కొనువారి సంగతి. అసలు విషయము ఇక్కడనే ఉన్నది. ‘కొనుము’ అను బొత్తామును నొక్కి మనము కొన్నదేమి? స్టీమ్ ఒడంబడికను చదివినచో అందు స్పష్టముగనే వ్రాసియున్నది: అమ్మబడినది ఆట కాదు, ఆట నాడుకొను లైసెన్సు. లైసెన్సు అను మాట మన రేడియో శ్రోతలకు కొత్తది కాదు. 1980ల వరకు రేడియో ఉన్న ప్రతి ఇంటివారును తపాలా కార్యాలయమున ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనెడివారు. కాని అప్పుడు రేడియో పెట్టె మనదే, వినుటకు మాత్రమే లైసెన్సు. లైసెన్సు వేరు, వస్తువు వేరు అని అందరికి తెలియును. నేటి ఆటల విషయమున వస్తువు వెల తీసికొని లైసెన్సు చేతికిచ్చుచున్నారు. రైతు భాషలో చెప్పవలెనన్న, పట్టా వెల పుచ్చుకొని కౌలు కాగితము వ్రాసి యిచ్చినట్లు. పైగా గడువు ఎన్నాళ్లో ఆ కాగితములో లేదు.

ఇది ఊరక పుట్టిన అనుమానము కాదు. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ సంస్థ 2014 డిసెంబరులో ది క్రూ అను కారు పందెముల ఆటను విడుదల చేసినది. ఆ ఆట నడచుటకు సంస్థవారి సర్వరుతో సంబంధము ఎల్లపుడు ఉండవలెను. 2023 డిసెంబరులో దాని అమ్మకము నిలిచిపోయినది. 2024 మార్చి 31వ తేదీన సర్వరులు ఆగిపోయినవి. అంతటితో వెల యిచ్చి కొన్నవారి ఆటయంతయు ముగిసినది. డిస్కు కొన్నవారి డిస్కులు సైతము పనికిరానివైనవి. ఇతరులతో కలిసి ఆడు భాగమే కాక, ఒంటరిగా ఆడుకొనదగిన భాగమును పోయినది. ఈ సంఘటన నుండియే ‘ఆటలను చంపవద్దు’ అను ఉద్యమము బయలుదేరినది. ఐరోపా సమాజమునకు సమర్పింపదలచిన విజ్ఞప్తిపై 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకములు చేరినవి. ఆటలు పిల్లల వ్యవహారమని తలచువారు ఆ సంఖ్యను గమనింపవలెను.

అంగడియే మూతపడిన ఉదాహరణములును కలవు. నింటెండో సంస్థ 2023 మార్చి 27వ తేదీన తన 3డీఎస్, వీ యూ యంత్రముల అంగళ్లలో అమ్మకము ఆపివేసినది. అంతకుముందు కొన్నవానిని మరల దింపుకొను వీలు మాత్రము ఉంచినది. ఆ అంగళ్లలో తప్ప మరెక్కడను దొరకని ఆటలు న్యాయముగా కొనుటకు దారిలేక పోయినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2024 జూలైలో ఎక్స్‌బాక్స్ 360 అంగడిని మూసినది. సోనీ సంస్థ 2021 మార్చిలో తన పాత యంత్రముల అంగళ్లను మూయుదునని ప్రకటించి, జనులు గోల చేయగా మరుసటి నెలలోనే వానిలో రెంటిని తెరచియే యుంచుదునని వెనుకకు తగ్గినది. జనాభిప్రాయమునకు బలము లేకపోలేదని ఇందువలన తెలియుచున్నది.

పుస్తకముల ప్రపంచమునుండి ఇట్టి సాక్ష్యమే ఒకటి కలదు. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, తన కిండిల్ యంత్రములలో పాఠకులు కొనియుంచుకొన్న జార్జి ఆర్వెల్ పుస్తకములను దూరము నుండియే తీసివేసినది. అమ్మినవానికి హక్కు లేదని తేలుట అందులకు కారణము. సొమ్ము తిరిగి యిచ్చినది, పిమ్మట క్షమాపణయు చెప్పినది. కాని ఇంటిలోని అలమారనుండి పుస్తకమును ఇంటివారికి చెప్పకుండ తీసికొనిపోవు శక్తి అంగడివానికి కలదని లోకమునకు నాడు తెలిసినది. ఆ తీసివేసిన పుస్తకములలో ఒకటి, పాతవ్రాతలను తుడిచివేయు ప్రభుత్వమును చిత్రించిన 1984 అను నవలయే యగుట విధివైచిత్ర్యము.

ఎరువిచ్చుట, అమ్ముకొనుట, వారసులకు విడుచుట అను మూడును సొంత సొత్తునకు లక్షణములు. చదివిన పుస్తకమును కోఠీలోని పాతపుస్తకముల వానికి అమ్మవచ్చును. ఆడిన ఆటను అట్లు అమ్ముటకు స్టీమ్ అంగీకరింపదు. ఖాతాను మరియొకరికి బదలాయింపరాదని దాని ఒడంబడిక. ఫ్రాన్సునందలి వినియోగదారుల సంఘమొకటి ఇది అన్యాయమని న్యాయస్థానమున వ్యాజ్యము వేసినది. 2019 సెప్టెంబరులో పారిస్ న్యాయస్థానము కొన్నవారికి మరల అమ్ముకొను హక్కు కలదని తీర్పు చెప్పినది. కాని 2022 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ఆట కేవలము కంప్యూటరు ప్రోగ్రాము కాదు, బొమ్మలు, సంగీతము, కథ కలిసిన కృతియని, దానికి ప్రోగ్రాముల సూత్రము వర్తింపదని దాని తాత్పర్యము. చట్టము దృష్టిలో ఆ వాదము సరియైనదే కావచ్చును. ఐనను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఇరువదేండ్లు ఆటలు కూడబెట్టిన తండ్రి కాలము చేసినచో, ఆ ఆటలు కొడుకునకు చెందునా? గవ్వలు చెందినవి, పటము చెందినది. ఖాతా మాత్రము చెందదని కాగితము చెప్పుచున్నది.

ఇంకొక కీడు, అంగడి ఒక్కటే యగుట వలన వచ్చునది. 2020 ఆగస్టులో ఫోర్ట్‌నైట్ అను ఆటను ఆపిల్, గూగుల్ సంస్థలు ఒకే దినమున తమ అంగళ్ల నుండి తొలగించినవి. ఎపిక్ సంస్థ వారి వాటా చెల్లింపక, ఆడువారి నుండి నేరుగా సొమ్ము పుచ్చుకొనుట తగవునకు మూలము. న్యాయవివాదము సాగి సాగి, 2025 మేలో గాని ఆ ఆట అమెరికాలోని ఐఫోను అంగడికి తిరిగి రాలేదు. పెద్దల తగవులో ఆడుకొను పిల్లలు నలిగిరి. మన దేశమునందు బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను ఆట 2022 జూలైలో ప్రభుత్వాజ్ఞ వలన రెండు అంగళ్లనుండియు తొలగింపబడి, 2023 మేలో మరల ప్రవేశించినది. ప్రభుత్వము చెప్పిన కారణముల మంచిచెడ్డలు వేరు విషయము. మనము గమనింపవలసినది, రెండు తలుపులు మూసినచో కోట్లమంది కొత్తవారికి దారి మూతపడుననునది. గూగుల్ తన అంగడిలో చెల్లింపుల విషయమున పెట్టిన షరతులు పోటీకి భంగకరములని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో 936 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దానిని 216 కోట్ల చిల్లరకు తగ్గించినది. సొమ్ము తగ్గినను, ఒక్క అంగడి చేతిలో అంత అధికారము తగదను విచారణ మన గడ్డపైనను సాగినదన్నమాట.

ఇంతమాత్రమున పాతకాలమే బంగారుకాలమనుట న్యాయము కాదు. పెట్టెలలో అమ్మిన కాలమున ఆటలు భద్రముగా నుండెనా? ఉండలేదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన పరిశీలనలో, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుటలేదని తేలినది. డిస్కులు చెడినవి, యంత్రములు మూలపడినవి, సంస్థలు మూతపడినవి. అట్టివానిలో కొన్నింటిని వెదకి పట్టి, నేటి కంప్యూటరులలో నడచునట్లు బాగుచేసి అమ్ముచున్నది జీఓజీ వంటి డిజిటల్ అంగడియే. అది తాళము లేకయే అమ్మును. కొన్నవాడు ఆటను దింపి తన డిస్కులో దాచుకొన్నచో, పిమ్మట ఎవరి అనుమతియు లేక ఆడుకొనవచ్చును. అనగా దోషము డిజిటల్ పద్ధతిలో లేదు. తాళముచెవిని ఎవరు ఉంచుకొనవలెనను ఏర్పాటులో ఉన్నది. తాళముచెవి ఇచ్చియు వ్యాపారము చేయవచ్చునని చూపిన అంగడి ఒకటి కలదు గనుక, ఇది అసాధ్యమని ఇతరులు చెప్పుటకు వీలులేదు.

మరి చేయవలసినదేమి? మొదటిది, మాట నిజముగా నుండవలెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసి, 2025 జనవరి 1వ తేదీ నుండి అమలునకు తెచ్చినది. శాశ్వతముగా తమ వద్ద ఉంచుకొనుటకు వీలులేని డిజిటల్ సరకును అమ్మునపుడు, ఇది లైసెన్సు మాత్రమేయని కొనువానికి స్పష్టముగా తెలుపనిదే ‘కొనుము’ అను మాట వాడరాదని దాని సారము. ఆ చట్టము అమలునకు రాకముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన చెల్లింపు పుటలో ఆ మాట వ్రాసి పెట్టినది. చట్టము అడిగినగాని నిజము పెద్ద అక్షరములలోనికి రాలేదు.

రెండవది, అంగడి ఎంత పెద్దదైనను దేశపు చట్టమునకు లోబడవలెను. ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2014లో వాల్వ్‌పై వ్యాజ్యము తెచ్చినది. సరకు లోపభూయిష్టమైనను సొమ్ము తిరిగి ఈయనక్కరలేదన్న ఒడంబడిక ఆ దేశపు చట్టమునకు విరుద్ధమని వారి వాదము. మా కార్యాలయము అమెరికాలో ఉన్నదను జవాబును న్యాయస్థానము అంగీకరింపలేదు. 2016 డిసెంబరులో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది. స్టీమ్‌లో సొమ్ము తిరిగి యిచ్చు పద్ధతి 2015 జూన్‌లో, ఆ వ్యాజ్యము నడుచుండగనే, వచ్చినది. కొనువాడు ఒంటరివాడే గాని, అతని వెనుక చట్టము నిలిచిన నాడు ఒంటరివాడు కాడు.

మూడవది, సర్వరును మూయునపుడు ఆటను సంపూర్ణముగా చంపివేయక, ఒంటరిగా ఆడుకొను భాగమునైన నడచునట్లు చేసి విడుచుట తయారీదారు ధర్మము. ఎల్లకాలము సర్వరులు నడుపుమని ఎవ్వరును కోరుటలేదు. వ్యయము భరింపలేని దినము ఏ సంస్థకైనను వచ్చును. పోవువాడు తలుపు వేసికొనిపోక, చెవిని ఇంటివారి చేత పెట్టి పొమ్మనుటయే ఆ కోరిక.

నాలుగవది మన ఇండ్లలో మనము చేయదగినది. పిల్లలు ఆట నడిగినపుడు ‘వెల ఎంత?’ అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఇంటర్నెట్ లేకున్నను ఇది నడచునా? మన డిస్కులో దాచుకొనవచ్చునా? నచ్చకున్న సొమ్ము తిరిగి వచ్చునా? ఖాతా ఎవరి పేర నున్నది, రహస్యపదము ఎవరికి తెలియును? ఈ నాలుగు ప్రశ్నలను పిల్లలతో కూర్చుండి విచారించుకొనిన చాలును. ఒక్కొక్క పెద్ద ఆట నూరు గిగాబైట్లను మించియున్నది గనుక ఇంటర్నెట్ రుసుమును కూడ లెక్కకు తెచ్చుకొనవలెను. తగ్గింపు వెలలను చూచి, ఎన్నడును ఆడని ఆటలను కొని పెట్టుకొను అలవాటు పెద్దలకును కలదు. చవకయని కొన్నంత మాత్రమున లాభము రాదు, ఆడినగదా లాభము! లైసెన్సునకు తగిన వెలయైన సంతోషముగా ఈయవచ్చును. నాటకము చూచుటకు టిక్కెట్టు కొన్నవాడు రంగస్థలమును ఇంటికి తెచ్చుకొనవలెనని కోరడు. కాని టిక్కెట్టును టిక్కెట్టని, పట్టాను పట్టాయని చెప్పి అమ్మవలెను.

ఈ వేదికలు దూరమును చెరిపినవి, పేదవానికి వెల తగ్గించినవి, ఒంటరి కళాకారునికి లోకమును చూపినవి. ఆ మేలును మరచుట కృతఘ్నత. ఆటలు కూడ మన కాలపు కళలలో ఒకటి. కథ, చిత్రము, సంగీతము కలిసిన ఈ కళను ముందు తరమువారు చూడవలెనన్న, అది కొన్నవారి ఇండ్లలో మిగిలియుండవలెను. తాళపత్రములు మిగిలినవన్న, వానిని వ్రాసి యింట దాచుకొన్న సామాన్య గృహస్థుల వలననే మిగిలినవి. వారెవ్వరును ఒక అంగడివాని అనుమతితో దాచలేదు. నేటి గృహస్థునికి ఆ వీలు మిగిల్చుట చట్టము చేయువారి పని. ఆ వీలు కావలెనని అడుగుట మన పని.